అమ్మమ్మ నడుము వంగింది ఎవరి పాపం?



2025 సెప్టెంబర్ 7 రాత్రి వచ్చిన చంద్రగ్రహణం మీలో చాలామంది చూసే ఉంటారు. నేను మా ఊళ్ళో, అర్ధవీడులో, మా మేడ మీద నుంచి చూశాను. ఆదివారం కావడంతో ఒకరోజు సెలవు కలుపుకుని హైదరాబాద్ నుంచి ఇంటికి వెళ్ళాను. నల్లమల మీద మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. పదకొండు గంటలకు చంద్రుడు మొత్తం మునిగాడు, ఆరిపోతున్న నిప్పుకణిక రంగులోకి వచ్చాడు. ఫోన్‌లో యాప్ చెప్పిన టైమూ, అమ్మ దగ్గరున్న పంచాంగంలో టైమూ ఒకటే. 12:22కి విడవడం మొదలవుతుందని రెండూ చెప్పాయి, అట్లాగే మొదలైంది.

అమ్మ సాయంత్రమే ఆవకాయ జాడీలో, నీళ్ళ బిందెలో, పెరుగు గిన్నెలో దర్భలు వేసి పెట్టింది. ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. "భూమి నీడ పడుతుందని నాకు తెలియదా? అయినా నాలుగు దర్భలు వేస్తే పోయేదేముంది" అంది. నాకూ అభ్యంతరం అనిపించలేదు. నిజానికి గ్రహణం విషయంలో మన దేశంలో గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలోనే సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది అని ఉంది. ఆ తర్వాత వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువు దీనికి కారణం కాదని వాదించి మరీ చెప్పాడు. ఆయన జ్యోతిష్యుడు, సూర్యభక్తుడు కూడా. నీడ లెక్క తెలిసినందుకు ఆయన భక్తి తగ్గలేదు. చంద్రుడు ఎర్రబడటం కూడా అంతే. భూమి చుట్టూ ఉన్న గాలిపొర నీలిరంగు వెలుగును చెదరగొట్టి, ఎరుపును వంచి నీడలోకి పంపుతుంది. ఆ క్షణంలో భూమి మీద జరుగుతున్న సూర్యోదయాలు, సూర్యాస్తమయాలు అన్నిటి వెలుగూ కలిసి చంద్రుడి మీద పడుతుందన్నమాట. ఇది తెలిశాక నేను ఇంకా ఎక్కువసేపు చూశాను.

కాబట్టి ఈ పోస్టు గ్రహణం గురించి కాదు. ఆ రాత్రి పక్కింటి నుంచి వినిపించిన ఒక మాట గురించి.

పక్కింట్లో కోడలికి ఐదో నెల. సాయంత్రం నుంచి ఆమెను గదిలో పడుకోబెట్టారు. కదలకూడదు, కత్తి పట్టకూడదు, గోక్కోకూడదు. ఆ అమ్మాయి దాహం వేస్తోందని అడిగితే వాళ్ళ అత్త, "రేపు బిడ్డకు మొర్రి వస్తే ఎవరు బాధ్యులు? నువ్వే కదా" అంది. గట్టిగా కూడా అనలేదు, మామూలుగా అంది.

మన భాషలో ఆ లోపం పేరే గ్రహణం మొర్రి. చూడండి, పేరులోనే కారణం చెప్పేశాం. కారణంతో పాటు దోషి ఎవరో కూడా చెప్పేశాం: గ్రహణం నాడు మాట వినని తల్లి. బిడ్డ పై పెదవి గర్భం వచ్చిన నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య కలుసుకుంటుంది. చాలామంది ఆడవాళ్ళకు గర్భం నిలిచిందని తెలిసేది కూడా ఆ రోజుల్లోనే. వంశంలో ఉండే జన్యువులు, కొన్ని మందులు, పొగ, పోషకాహార లోపం ఇవన్నీ కారణాల్లో ఉన్నాయి. ఐదో నెలలో తల్లి గ్లాసుడు నీళ్ళు తాగితే ఆ పెదవికి జరిగేదేమీ లేదు, అది ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. మొర్రితో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ చేస్తే పెదవి సరవుతుంది. కానీ ఆ తల్లి మీద పడిన మాటకు ఆపరేషన్ లేదు.

అక్కడే నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మమ్మది కనిగిరి వైపు ఒక పల్లె. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆమె వంగి నడిచేది. నేను ఇంజనీరింగ్‌లో చేరేనాటికి నడుము నుంచి పై శరీరం నేలకు సమాంతరంగా అయిపోయింది. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరగాలి. ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి, అదీ వీపు ఆనదు కాబట్టి పక్కకు ఒరిగి చూడాలి. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి ఆమెను ఒకసారి తీసుకెళ్ళాం. గాలిగోపురం ఎంత ఎత్తుందో ఆమెకు తెలియదు. గర్భగుడి ముందు నిలబడితే ఆమెకు గడప కనిపిస్తుంది, అదృష్టం బాగుంటే స్వామి పాదాలు కనిపిస్తాయి. "పాదాలు కనపడినాయి లేరా, అంతకంటే ఏం గావాల" అంది.

ఆ ఊళ్ళో అట్లాంటి వాళ్ళు ఆమె ఒక్కతే కాదు. అయినా చాలా ఏళ్ళ క్రితం, భజన జరుగుతుంటే పురాణం చెప్పడానికి వచ్చిన ఒకాయన ఆమెను చూసి, పోయిన జన్మలో పెద్దల ముందు తల వంచనివాళ్ళకు ఈ జన్మలో ఇట్లా అవుతుందని చెప్పాడట. ఆయన పేరు నాకు తెలియదు, తెలిసినా రాసేవాణ్ణి కాదు. దురుద్దేశంతో అన్నాడని కూడా అనుకోను. ఏదో వివరణ ఇవ్వాలి కదా అని ఇచ్చాడు. కానీ అమ్మమ్మ ఆ మాటను మనసులో మూటగట్టుకుంది. పాప పరిహారంగా ప్రతి ఏకాదశికీ కటిక ఉపవాసం మొదలుపెట్టింది. అన్నం, పాలు, మజ్జిగ ఏవీ ముట్టదు. నీళ్ళు మాత్రం తాగుతుంది. ఊరి బోరింగు నీళ్ళు.

ఆ నీళ్ళలోనే ఉంది అసలు కారణం.

పశ్చిమ ప్రకాశంలో పుట్టిన వాళ్ళకు ఫ్లోరైడ్ అనే మాట కొత్త కాదు, కానీ సిటీలో పెరిగిన వాళ్ళ కోసం కాస్త చెబుతాను. కనిగిరి వైపు నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ లాంటి రాయి. అందులో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి దిగిన కాస్త నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, ఆ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది. మన దగ్గర చాలాచోట్ల నీరు క్షారగుణంతో, సోడియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటుంది. అందుకని ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది. రంగు లేదు, వాసన లేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే నీరు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన భారతీయ ప్రమాణం. ఏళ్ళ తరబడి దానికి చాలా ఎక్కువ మోతాదు తాగితే అది ఎముకల్లో చేరుతుంది. ఎముక మందమవుతుంది, కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి పట్టీలు కూడా గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు మనిషి వంగితే ఇక లేవలేడు.

ఇది ఈ మధ్య కనిపెట్టిన విషయం కూడా కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మా అర్ధవీడు, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసిన జబ్బు గురించే 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి పత్రం అది. అంటే మా అమ్మమ్మ పుట్టక ముందే ఆమె నడుము ఎందుకు వంగబోతుందో కాగితం మీద ఉంది. ఆ కాగితం ఆమె ఊరికి చేరలేదు. భజనలో చెప్పిన మాట చేరింది.

డాక్టర్ల కంటే ముందు ఈ జబ్బును గమనించింది రైతులు అంటారు. ఎద్దులకు కీళ్ళు బిగుసుకుపోయి నాగలి లాగలేక, నడవలేక పడిపోయేవి. నేను ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. అవే నీళ్ళు తాగిన ఎద్దుకూ అదే జబ్బు వచ్చింది. ఎద్దు ఏ గురువుకు తల వంచలేదు?

మా కుటుంబమే ఒక ప్రయోగశాల అని తర్వాత అర్థమైంది. అమ్మమ్మకు ముగ్గురు పిల్లలు. మా అమ్మ పెళ్ళై అర్ధవీడు వచ్చింది, పిన్ని అద్దంకి వైపు సాగర్ కాలువ నీళ్ళు తాగే ఊరికి వెళ్ళింది, మామయ్య ఊళ్ళోనే సేద్యం చేసుకుంటూ ఉండిపోయాడు. అమ్మకూ పిన్నికీ పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. ఇద్దరూ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నోరు తెరిచి నవ్వరు. పంటి పింగాణీ తయారయ్యేది చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసులో తాగిన నీటి గుర్తు జీవితాంతం ఉంటుంది. కానీ ఇద్దరి నడుములూ బాగున్నాయి, ఎందుకంటే ఇరవై నిండకముందే నీళ్ళు మారాయి. మామయ్య యాభై దాటేసరికి మెడ సగమే తిరుగుతోంది. పిన్ని పిల్లల పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. ఒకే తల్లి, ఒకే రక్తం, ఒకే ఇంటి దేవుడు. మారింది బిందెలో నీళ్ళు ఒక్కటే. నేను ఆఫీసులో చేసే పని కూడా ఇదే: మిగతావన్నీ అట్లాగే ఉంచి ఒక్కటి మార్చి చూడటం. ఎర్రర్ ఎక్కడ పోయిందో కారణం అక్కడ ఉంటుంది.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న రావాలి. వస్తే మంచిదే. "సరే అన్నా, ఫ్లోరైడ్ వల్లే. కానీ ఆమె ఆ ఊళ్ళోనే ఎందుకు పుట్టింది? అది కర్మ కాదా?"

దీని గురించి నేను చాలా ఆలోచించాను. శాస్త్రం 'ఎలా' చెబుతుంది, ధర్మం 'ఎందుకు' చెబుతుంది అని ఒక మాట మన వీడియోల్లో కూడా వింటుంటాం. వినడానికి బాగుంటుంది. కానీ ఆ 'ఎందుకు' అనే పెట్టెలో మనం తోచిందల్లా వేసి, అది తీసుకెళ్ళి బాధపడుతున్న మనిషి నెత్తిన పెడుతున్నాం. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ కర్మకైనా ఐదు కారణాలు చెప్పాడు కృష్ణుడు. ఆధారమైన చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఐదోది ఉందని నేనూ నమ్ముతాను. కానీ మొదటి నాలుగూ చూడకుండా ఎగిరి ఐదోదాని మీద కూర్చోవడం గీత చెప్పింది కాదు, మన బద్ధకం చెప్పింది. ఆ కృష్ణుడే నాలుగో అధ్యాయంలో కర్మ గతి చాలా గహనమైనది అన్నాడు. ఆయనే గహనం అన్నదాన్ని భజనకు వచ్చిన మనిషి పది నిమిషాల్లో తేల్చేస్తే ఎట్లా?

నాకు తోచింది ఇది, తప్పైతే పెద్దలు సరిదిద్దండి. కర్మ సిద్ధాంతం నా గురించి నేను వాడుకోవడానికి పనికొస్తుంది. నాకు కష్టం వస్తే, ఇది నా ఖాతాలోదే, ఎవరి మీదా ఏడవకుండా మోస్తాను అనుకుంటే అందులో బలం ఉంది. అదే సిద్ధాంతాన్ని పక్కవాడి మీద పెడితే, పొల్లు పోకుండా అవే మాటలు, క్రూరత్వం అయిపోతాయి. పైగా మనకు పని తప్పుతుంది. ఆమె పాపం అనేశాక నీళ్ళు పరీక్ష చేయించాల్సిన పని ఎవరికి?

మన గ్రంథాలు కూడా ఎప్పుడూ బాధితుడినే పట్టుకోలేదు. బాలకాండలో అంగదేశానికి వానలు పడకపోతే అది రోమపాదుడనే రాజు చేసిన తప్పు వల్ల అని ఉంటుంది, రైతుల పూర్వజన్మ వల్ల అని ఉండదు. వరాహమిహిరుడైతే బృహత్సంహితలో భూగర్భజలం మీద ఒక అధ్యాయమే రాశాడు. ఆకాశం నుంచి పడే నీటికి రంగూ రుచీ ఒకటే, నేల తేడాను బట్టి అది రకరకాలుగా మారుతుంది, కాబట్టి నేలతో పాటు నీటినీ పరీక్షించాలి అన్న భావంతో ఆ అధ్యాయం మొదలుపెట్టాడు. దయచేసి దీన్ని "మన ఋషులకు ఫ్లోరైడ్ ముందే తెలుసు" అని వాట్సాప్‌లో తిప్పకండి. ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసింది, నీరు తేడాగా ఉంటే నేలను చూడాలని. తాగే మనిషి జాతకం చూడమనలేదు, అదీ జ్యోతిష్యుడై ఉండి.

అట్లాగే ఇంకో ఫార్వర్డు: రాగి చెంబులో రాత్రంతా పెడితే ఫ్లోరైడ్ పోతుందని. పోదు. రాగికి సూక్ష్మక్రిములను చంపే గుణం ఉంది, ఫ్లోరైడ్‌ను తీసే గుణం లేదు. నీళ్ళు కాచినా పోదు, ఆవిరి పోయి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఒకటి ఉంది, నీరీ సంస్థ తయారుచేసింది, మన నల్గొండ పేరే దానికి పెట్టారు. ఆర్ఓ యంత్రం తీస్తుంది. అన్నిటికంటే మంచిది వాన నీళ్ళు, చెరువు నీళ్ళు, నది నీళ్ళు, ఎందుకంటే అవి రాతిలో ఏళ్ళ తరబడి నానలేదు. మాకు దగ్గర్లోనే కంభం చెరువు ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేసి కట్టారు. విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దాన్ని ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తించారు. కరువొస్తే విరాటపర్వం చదివించే ఆచారం మా వైపూ ఉంది, నేను విన్నాను, నాకు ఇష్టం కూడా. కానీ చదివాక పడిన వానను పట్టి ఉంచడానికి ఎవరో ఒకరు కట్ట కట్టాలి. మన పెద్దలు సప్త సంతానాల్లో గుడిని ఎట్లా లెక్కపెట్టారో చెరువునూ అట్లాగే లెక్కపెట్టారు.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా ఇదంతా చదివి, సెలవులకు వెళ్ళి అమ్మమ్మ ముందు ఉపన్యాసం ఇచ్చాను. పాపం లేదు, పుణ్యం లేదు, అంతా ఫ్లోరైడ్, నీ ఏకాదశి ఉపవాసాల వల్ల ఇంకా చెడిపోయావు అన్నాను. అది శాస్త్రప్రకారం నిజమే. ఖాళీ కడుపుతో తాగితే ఫ్లోరైడ్ ఒంటికి ఎక్కువ పడుతుంది, పాలు మజ్జిగ ఉంటే అందులోని కాల్షియం కొంత అడ్డుకుంటుంది. ఆమె ప్రాయశ్చిత్తం అనుకుని చేసింది ఆమె రోగానికే తోడైంది. కానీ ఆ నిజాన్ని నేను చెప్పిన తీరు ఆ పురాణం చెప్పినాయన తీరు కంటే మెరుగ్గా లేదు. ఆయన పోయిన జన్మ తప్పు చూపించాడు, నేను ఈ జన్మ తప్పు చూపించాను. ఇద్దరమూ ఆమెనే బోనులో నిలబెట్టాం.

ఆమె ఏమీ అనలేదు. వంగిన మనిషి కదా, ముఖం కూడా కనిపించదు. కాసేపటికి అడిగింది, "అయితే నాయనా, ఇది నేను జేసిన పాపం గాదా?"

"కాదు అమ్మమ్మా. నీళ్ళది."

"ఎద్దులకు గూడా వచ్చిందన్నావు."

"వచ్చింది."

"నిజంగానా?"

మూడుసార్లు అడిగింది. మూడోసారి గొంతు మారింది. నలభై ఏళ్ళుగా ఆమె మోసింది వంగిన వీపును మాత్రమే అనుకున్నాను నేను. శాస్త్రం ఆమె వెన్నుపూసను ఒక్క అంగుళం కూడా లేపలేకపోయింది, అది ఇక లేవదు. కానీ ఆమె మీద ఉన్న ఒక కేసును కొట్టేసింది. ఆ రోజు నేను చూసింది అదే.

తర్వాత ఇంకో ప్రశ్న కూడా వేసింది. "మరి దేవుడు ఆ రాయిని మన ఊరి కిందనే ఎందుకు పెట్టినాడురా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు. గ్రానైట్ కోట్ల ఏళ్ళ కిందట కరిగిన రాతిగా పైకి వచ్చి చల్లబడిందని చెప్పగలను. ఆమె అడిగింది అది కాదు. తెలియదు అన్నాను. "నీకూ తెలీదా, సరే అయితే" అని నవ్వింది. నాకు తెలియకపోవడం ఆమెకు ఎందుకో నచ్చింది.

ఇప్పుడు ఆ ఇంటికి ఆర్ఓ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ వస్తుంది. ఏకాదశి మానలేదు, మానమని నేనూ మళ్ళీ అనలేదు. మజ్జిగ తాగడానికి మాత్రం ఒప్పుకుంది. మామయ్యకు చింతపండు పులుసు అంటే ప్రాణం. చింతపండు తింటే ఒంట్లోంచి ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువ పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారని చెప్పినప్పటి నుంచి ఆయన్ను ఆపడం అత్తయ్య వల్ల కావడం లేదు.

గ్రహణం మర్నాడు పొద్దున్నే నేను అర్ధవీడు నుంచి బండి మీద అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇల్లు కడిగి, పూజగదిలో విగ్రహాలన్నీ కింద పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని ఉంది, గ్రహణం విడిచాక స్నానం చేయించాలి కదా. నేను బోరింగు దగ్గర కొట్టుకొచ్చిన బిందె పక్కన పెట్టాను. ఆమె బిందె వైపు మనిషి మొత్తంగా తిరిగి చూసింది.

"అది గాదురా, క్యాన్ నీళ్ళు పట్టకరా. మనం తాగనివి ఆయనకెందుకు పోయడం? ఆయన నడుమన్నా నిలబడనీ."

క్యాన్ వంచి చెంబు నింపి ఇచ్చాను. వేణుగోపాలస్వామికి రెండు చెంబులు పట్టాయి.